పయోముఖ విషకుంభము: ఒక మాట చరిత్ర

నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు చెప్పిరి. ఆ పెద్దలే పయోముఖ విషకుంభమనియు, గోముఖవ్యాఘ్రమనియు, మేకవన్నె పులియనియు మరికొన్ని మాటలను గూడ మనకు అప్పగించి పోయిరి. మొదటి సామెతను మాత్రమే నమ్మి నడచుకొనువానికి ఏదో యొకనాడు రెండవ మాటల యవసరము కలుగును. రెండవ మాటలనే పట్టుకొని కూర్చున్నవానికి లోకమున మిత్రుడే మిగులడు. ఈ రెంటి నడుమ మానవుడు వేల యేండ్లుగా తడబడుచునే యున్నాడు. తియ్యని మాట వెనుక మనసే లేని మనిషి యుండునా? ఉన్నచో వాడు దుర్మార్గుడా, రోగియా? ఈ ప్రశ్నకు వైద్యులును, కథకులును, న్యాయాధిపతులును రెండు శతాబ్దములకు పైగా చెప్పుచు వచ్చిన సమాధానముల చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ఈ విషయముపై నాకు ఆసక్తి కలిగించినది పుస్తకము కాదు. చాల యేండ్ల క్రిందట నేను బదిలీపై ఉత్తరదేశమున నొక నగరమున నుంటిని. అక్కడి తెలుగువారి సంఘమునకు ఒకనాడొక పెద్దమనిషి వచ్చెను. రాగవరుసతో పద్యములు చదివెను. రెండవ రాకకే మా పిల్లల పేర్లన్నియు కంఠస్థము చేసికొనెను. ఎవరి యింట ఆవకాయ రుచి చూచినను వారి ఊరేదో చెప్పి మురిపించెను. ఉగాదికి నాటక సమాజమును రప్పించెదనని చెప్పి చందాలు ముందుగనే పుచ్చుకొనెను. ఒక గుమాస్తా తన కుమార్తె పెండ్లికై కూడబెట్టిన సొమ్ములో కొంత ఆయనకు చేబదులిచ్చెను. అటుపిమ్మట ఆ పెద్దమనిషి మాకు కనబడలేదు. ఆ పెండ్లి ఒక సంవత్సరము వెనుకబడెను.

అయితే ఆ తరువాత జరిగినదానికి నేను నేటికిని సిగ్గుపడుదును. మరుసటి యేట కలుపుగోలు స్వభావము గల యువకుడొకడు బదిలీపై వచ్చి మా సంఘమున అడుగుపెట్టెను. అతడు నవ్వినను మాకు అనుమానమే, పాడినను అనుమానమే. రెండు మూడు మారులు వచ్చి, మా ముఖములు చూచి, ఆ యువకుడు రాకపోకలు మానుకొనెను. మొదటివాడు మమ్ము మోసగించెను. రెండవవానికి మేము అన్యాయము చేసితిమి. ఈ రెండు విధములైన తప్పులును నేను చెప్పబోవు చరిత్ర పొడవునను కనబడును.

మన పూర్వులు ఇట్టి మనుష్యులను ఎరుగనివారు కారు. 11వ శతాబ్దమున కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు 'కళావిలాస'మను గ్రంథమును రచించెను. అందు ఒక వర్తకుడు తన కుమారుని మూలదేవుడను ధూర్తశిరోమణికి అప్పగించి, లోకములోని వంచనలన్నియు వీనికి నేర్పుమని కోరును. ఆ చదువు మోసగించుటకు గాదు, మోసపోకుండుటకు. మూలదేవుడు మొట్టమొదట బోధించునది దంభమును గూర్చి. దండి 'దశకుమారచరిత్ర'లో కామమంజరి యను వేశ్య పందెము కట్టి, భక్తురాలివలె నటించి, మరీచి మహర్షిని లోబరచుకొని, పందెము గెలిచిన వెంటనే ఆయనను విడిచిపెట్టును. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించి, తిక్కనకు అంకితమిచ్చి, అభినవదండి యని పేరుగాంచెను. ఇక చిన్నయసూరి 1853లో ప్రకటించిన 'నీతిచంద్రిక' వలన తెలుగు బడిపిల్లలకు తరతరములుగా పరిచితుడైన దమనకుని సంగతి చెప్పనక్కరలేదు. పింగళకునికిని సంజీవకునికిని స్నేహము కూర్చిన నోటితోనే వాడు ఆ స్నేహమును చెరచెను.

ఈ పాత్రలన్నిటను ఒక సమానధర్మము కలదు. ప్రతి మోసమునకు ఒక కారణమున్నది. కామమంజరికి పందెము, దమనకునికి తగ్గిపోయిన తన పలుకుబడి. వీరు ధూర్తులు, వీరికి కావలసినది వీరెరుగుదురు, దానిని సాధింతురు. లాభమే లేనిచోట, తనకే కీడు కలుగునని తెలిసియు, అబద్ధమాడి నమ్మినవారిని ముంచు మనిషిని ఏమని పిలువవలెనో పూర్వులు ప్రత్యేకముగ నిర్ణయింపలేదు. ఆ పేరుకై వెదకినవారు పడమటిదేశపు వైద్యులు.

పారిసు నగరమున ఉన్మాదుల సంకెళ్లు విప్పించినవాడని ప్రసిద్ధి గాంచిన ఫిలిప్ పినెల్ 1801లో తన గ్రంథమును ప్రకటించెను. అందు 'భ్రాంతి లేని ఉన్మాద'మని యొక విభాగమును ఏర్పరచెను. గారాబముగ పెరిగిన ఒక ధనికుని కథ అందు కలదు. అతనికి బుద్ధిమాంద్యము లేదు. లేనివి కనబడుట లేదు. తన యాస్తి వ్యవహారములు చక్కగనే చూచుకొనుచుండెను. కాని కోపము వచ్చినచో అదుపుండదు. తుదకు తన్ను తిట్టిన యొక స్త్రీని బావిలో త్రోసి, బిసేత్ర్ ఆశ్రమమున బంధింపబడెను. ఈ మొదటి ఉదాహరణమున ఆగ్రహమే కాని ఆకర్షణ లేదని పాఠకులు గమనింపగోరెదను. తియ్యదనము రోగలక్షణముగ ఎంచబడుటకు ఇంకను నూటనలువది యేండ్లు పట్టినవి.

1835లో ఇంగ్లండున జేమ్స్ కౌల్స్ ప్రిచర్డ్ 'నైతికోన్మాద'మను పేరు పెట్టెను. తర్కశక్తి చెడకయే భావములును, స్వభావమును, నడవడియు చెడునని అతని సిద్ధాంతము. ఆ పేరు చాల విశాలమైనది. అందు రకరకముల రోగులు ఇమిడిపోయిరి. ఆ పేరునకు న్యాయస్థానమున పెద్ద పరీక్ష అమెరికాలో వచ్చెను. 1881 జులై 2వ తేదీన అధ్యక్షుడు గార్‌ఫీల్డును చార్లెస్ గిటో కాల్చెను. ఆ సెప్టెంబరులో గార్‌ఫీల్డు మరణించెను. విచారణలో వైద్యులు రెండు పక్షములుగ చీలిరి. ఇతడు ఉన్మాది యని కొందరు, నైతికోన్మాదమను రోగమే లేదు, దుర్మార్గమునకు అది ముద్దుపేరని మరికొందరు వాదించిరి. 1882 జూన్ 30న గిటోను ఉరితీసిరి. ప్రశ్న మాత్రము ఉరితో తీరలేదు.

పిదప జర్మనీ వైద్యులు ముందునకు వచ్చిరి. 1891లో కాఖ్ అను వైద్యుడు 'సైకోపతిక్' అను విశేషణమును ఈ యర్థమున ప్రచారమునకు తెచ్చెను. ఆ యేడే డెల్‌బ్రూక్, లాభాపేక్షతో నిమిత్తము లేకయే అబద్ధములల్లు రోగులను గూర్చి గ్రంథము వ్రాసెను. ప్రసిద్ధుడైన ఎమిల్ క్రేపలిన్ తన పాఠ్యగ్రంథమున సైకోపతిక్ వ్యక్తులను తరగతులుగ విభజించుచు, అబద్ధాలకోరులకును వంచకులకును ప్రత్యేకముగ నొక తరగతి నిచ్చెను. మాటకారితనము వైద్యగ్రంథములలో కాలుమోపినది ఇట్లే. 1923లో కర్ట్ ష్నైడర్ పది తరగతులు చెప్పి, ఇట్టి స్వభావము గలవారు ఆ వికారముచేత తామైనను బాధపడుదురు, సమాజమునైనను బాధింతురు అని నిర్వచించెను.

వైద్యులు తమ గ్రంథములలో ఈ విధముగ వెదకుచుండగా, వీథి తనంతట తానొక పేరును కనిపెట్టెను. 1849లో న్యూయార్కు నగరమున విలియం థాంప్సన్ అనువాడు చక్కని దుస్తులు ధరించి, వీథిలో పోవు పెద్దమనుష్యులను పాత స్నేహితునివలె పలుకరించి, కొంతసేపు కబుర్లాడి, "రేపటివరకు మీ గడియారము నాచేత నుంచుటకు నాపై మీకు విశ్వాసమున్నదా?" యని అడుగుచుండెను. ఆశ్చర్యమేమనగా పలువురు ఇచ్చిరి! గడియారము పోగొట్టుకొన్న యొకడు తరువాత వీథిలో వానిని గుర్తుపట్టి పోలీసులకు పట్టియిచ్చెను. పత్రికలు వానికి 'విశ్వాసపు మనిషి' యని పేరు పెట్టెను. ఆంగ్లమున మోసగానికి నేటికిని వాడుకలోనున్న 'కాన్‌ఫిడెన్స్ మాన్' అను మాటకు ప్రచారము అట్లు వచ్చినది. ఆ పేరుతోనే హెర్మన్ మెల్విల్ 1857 ఏప్రిల్ 1న ఒక నవల ప్రకటించెను. మిసిసిపీ నదిపై పోవు పొగయోడలో, వంచకుడు వేషము వెంట వేషము మార్చి ప్రయాణికుల నమ్మకమును వేడుకొనుట అందలి కథ. కథ జరుగుదినమును ఏప్రిల్ 1వ తేదీయే.

ఇక మన కథకు ముఖ్యపురుషుడు హెర్వే క్లెక్లీ. ఈయన 1903లో జన్మించి 1984లో మరణించెను. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున అగస్టా నగరమందు మనోవైద్యాచార్యుడుగ నుండి, 1941లో 'మాస్క్ ఆఫ్ శానిటీ', అనగా 'స్వస్థచిత్తపు ముసుగు', అను గ్రంథమును వ్రాసెను. తన యాసుపత్రికి మాటిమాటికి వచ్చు కొందరు రోగులను చూచి ఈయన అబ్బురపడెను. వారు పిచ్చివారు కారు. కలవరపాటు లేదు. సంభాషణ మనోహరము. అయినను ఉద్యోగము దొరికినచో నిలుపుకొనరు. అప్పు చేసినచో తీర్చరు. అబద్ధము బయటపడినను సిగ్గుపడరు. క్షమాపణ చక్కగ చెప్పి మరునాడే ఆ తప్పు మరల చేయుదురు. గ్రంథము తరువాతి ముద్రణములలో క్లెక్లీ 16 లక్షణములు లెక్కించెను. అందు మొట్టమొదటిది పైపై మనోహరత్వమును, మంచి తెలివియును. పినెల్ ఎరుగని లక్షణము పట్టికలో ప్రథమస్థానము నాక్రమించెను!

క్లెక్లీ చెప్పిన కారణము ఆలోచింపదగినది. కొందరు మెదడు రోగులు మాటలను చక్కగ పలుకుదురు గాని ఆ మాటల యర్థము వారికి అందదు. అట్లే ఈ మనిషికి ప్రేమ, దుఃఖము, లజ్జ యను మాటలన్నియు తెలియును. వానిని ఎక్కడ వాడవలెనో గూడ తెలియును. వాని వెనుక నుండవలసిన అనుభవము మాత్రము లేదు. అందుచేతనే అతడు దమనకునివంటివాడు కాడు. దమనకుడు ఎత్తు వేసి గెలిచెను. క్లెక్లీ చూచిన మనిషి తన బ్రదుకునకే ఒక ఎత్తు, ఒక దారి ఏర్పరచుకొనలేడు. తగిన కారణము లేకయే తప్పు చేయుట, యనుభవమువలన నేర్చుకొనకుండుట అనునవి గూడ ఆ పదునారింటిలోనివే.

ఇక కథకుల మాట. షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకము పదునేడవ శతాబ్దపు తొలియేండ్లది. అందు ఇయాగో చేయని ద్రోహము లేదు. అయినను అందరును వానిని సత్యసంధుడనియే పిలుతురు. వాడు తన ద్వేషమునకు కారణములు చెప్పును. కాని అవి ఒకదానికొకటి పొసగవు. వాడు కారణములను వెదకుకొనుచున్నాడని కవియు విమర్శకుడునైన కోల్‌రిడ్జ్ గమనించెను. వైద్యులు చెప్పుటకు రెండు శతాబ్దములు ముందే, కారణము లేని కీడును నాటకకర్త రంగస్థలమున నిలిపెను.

1949లో వచ్చిన 'థర్డ్ మాన్' చలనచిత్రమునకు కథ వ్రాసినది గ్రాహమ్ గ్రీన్. యుద్ధానంతర వియన్నా నగరమున హారీ లైమ్ పెన్సిలిన్ మందును కల్తీ చేసి అమ్మును. దానివలన పసిపిల్లలు చచ్చిరి, పాడైరి. కాని ఆ పాత్రను ధరించిన ఆర్సన్ వెల్స్ చిరునవ్వునకు లోకము ఎంతగ ముగ్ధమయ్యెనన, 1951–52లో రేడియోలో హారీ లైమ్ సాహసకథలు ధారావాహికగ ప్రసారమయ్యెను. అందు వాడు ఇంచుమించు కథానాయకుడు! చిత్రములోని మిత్రుడు మోసపోయెననుకొంటిమి. ప్రేక్షకులమైన మన మాట యేమి? 1955లో పాట్రీషియా హైస్మిత్ సృష్టించిన టామ్ రిప్లీయును అంతే. ధనికుడైన మిత్రుని చంపి, అతని పేరుతో బ్రదికి, శిక్ష తప్పించుకొను ఆ యువకుడు పట్టుబడరాదని పాఠకుడు గుండె చేతబట్టుకొని చదువును. మంచి కథ మనకు ఇచ్చు పాఠమిది: మనోహరత్వమునకు లొంగువాడు ఎవడో వెఱ్ఱివాడు కాడు, మనమే.

ఇంతవరకు చదివిన తెలుగువారికి గిరీశము జ్ఞప్తికి రాక మానడు. 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో క్రొత్తరూపు దాల్చిన 'కన్యాశుల్క'మున గురజాడ అప్పారావుగారు సృష్టించిన ఈ పురుషుడు క్లెక్లీ పట్టికకు సరిపోవునా? వాక్చాతుర్యము కలదు, అబద్ధము కలదు, అప్పు తీర్చుట లేదు. అయినను నా మట్టుకు, సరిపోడు. పూటకూళ్లమ్మకు జడిసి మంచము క్రింద దూరిన గిరీశమునకు భయము తెలియును. తన పని యేదో తనకు తెలియును. అతడు ధూర్తుడే గాని శూన్యుడు కాడు. అయితే గురజాడవారు వైద్యులకంటె నిశితముగ చూపిన రహస్యమొకటి కలదు. అగ్నిహోత్రావధానులకు దావాల పిచ్చి. గిరీశము దావా కాగితములతోనే ఆయనను లొంగదీసెను. శిష్యునికి ఇంగ్లీషు గొప్ప. వానికి ఇంగ్లీషే గుప్పించెను. మోసగాని మాటలో తీపి సగము మాత్రమే యుండును; తక్కిన సగము వినువాని యాశలో నుండును. దూరదేశమున మా సంఘమును ముంచినది ఆ పెద్దమనిషి పద్యము కాదు. తెలుగు మాటకై మేము వాచియుండుట.

ఈ చరిత్రలో చీకటి అధ్యాయమొకటి కలదు. అది మోసగాండ్రది కాదు, పేరు పెట్టినవారిది. 1917లో అమెరికా తన వలసచట్టమున, పుట్టుకతో 'సైకోపతిక్' లోపము గలవారిని దేశమున అడుగిడనీయరాదని శాసించెను. 1952 చట్టమున ఆ మాట 'సైకోపతిక్ వ్యక్తిత్వ'మయ్యెను. స్వలింగ ప్రేమికులను గూడ ఈ మాటక్రిందనే చేర్చి వెడలగొట్టిరి. బూటిలియే అను కెనడా దేశస్థుని వ్యాజ్యమున 1967లో ఆ దేశపు సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. ఎవనిని మోసగింపని, ఎవనికి కీడు చేయని మనిషి ఒక వైద్యపు మాటచేత ఇల్లు విడిచి పోవలసివచ్చెను. 1990 నాటి చట్టమువలన గాని ఆ నిషేధము తొలగలేదు. మా సంఘమునకు వచ్చిన రెండవ యువకునికి మేము చేసినది చిన్న యన్యాయము. చట్టము చేసినది పెద్దది. మూలము ఒక్కటే: పేరు చేతికి వచ్చిన తరువాత మనిషిని చూచుట మానుట.

శాస్త్రము క్రమముగ జాగ్రత్త నేర్చుకొన్నది. 1957లో డేవిడ్ లికెన్ ప్రయోగములు చేసి, ఇట్టివారిలో కొందరు విద్యుత్తు దెబ్బ తగులునని తెలిసియు దానిని తప్పించుకొనుట ఇతరులకంటె తక్కువగ నేర్చుకొందురని చూపెను. భయము బలహీనమైనచో పాఠము ఒంటబట్టదని దీని సారాంశము. కెనడాలో రాబర్ట్ హేర్ చెరసాలలలో పరిశోధించి, 1980లో రూపొందించిన పట్టికను 1991లో సవరించి ప్రకటించెను. అందు 20 అంశములు; ఒక్కొక్కదానికి సున్న, ఒకటి, లేక రెండు మార్కులు; మొత్తము 40. అమెరికా పరిశోధనలలో 30 వచ్చినవానిని ఈ కోవకు చెందినవానిగ సాధారణముగ ఎంచుదురు. మొదటి అంశము మాటల గారడియు, పైపై మనోహరత్వమును. అయితే ఈ పట్టిక నింపుటకు శిక్షణ పొందినవాడు మనిషితో మాటలాడుటతో సరిపెట్టుకొనరాదు. అతని పాత రికార్డులను గూడ పరిశీలింపవలెను. ఏలయన ముఖాముఖి సంభాషణయే అతని బలము గదా!

ఈ బలము వైద్యులనే ఓడించిన సందర్భము గలదు. కెనడాలోని ఓక్ రిడ్జ్ ఆశ్రమమున 1960వ దశకమునుండి నేరస్థులైన రోగులను గుంపులుగ కూర్చుండబెట్టి, ఒకరి మనసు ఒకరికి విప్పిచెప్పు చికిత్స నడిపిరి. 1992లో ఫలితములు ప్రచురింపబడెను. ఇతర రోగులలో ఆ చికిత్స పొందినవారు హింసకు దిగుట తగ్గెను. కాని సైకోపతిక్ స్వభావము గలవారిలో, చికిత్స పొందినవారే పొందనివారికంటె ఎక్కువగ మరల హింసకు పాల్పడిరి. ఎదుటివాని మనసును గ్రహించు భాషను వారు అక్కడ నేర్చుకొని, దానిని పనిముట్టుగ వాడుకొనిరని పరిశోధకుల యూహ.

వాదము నేటికిని ముగియలేదు. అమెరికా మనోవైద్యుల సంఘము 1980లో వెలువరించిన వర్గీకరణమున, లోపలి భావములను కొలుచుట కష్టమని చెప్పి, బయటి నడవడినే ప్రమాణముగ గైకొనెను. అందువలన ఆ పేరు చెరసాలలోని వారిలో పెక్కుమందికి వర్తించెను. హేర్ పట్టికతో కొలిచినచో ఆ సంఖ్య చాల తగ్గును. మరియు చెరసాలకు వెలుపల, కార్యాలయములలోను వ్యాపారములలోను మర్యాదస్థులుగ చెలామణి యగువారు అందు లెక్కకే రారు. పుట్టుకయు పెంపకమును రెండును కారణములని పరిశోధకులు తలంచుచున్నారు. పాళ్లు మాత్రము తేలలేదు.

ఈ చరిత్రవలన మనకు కలుగు ప్రయోజనమేమి? మనోహరముగ మాటలాడు ప్రతివాడు రోగి కాడు. క్లెక్లీ పట్టికలో మిగిలిన లక్షణములు లేనిదే మొదటిదానికి విలువ లేదు. ఆ మిగిలిన లక్షణములన్నియు కాలముతో గాని బయటపడవు: మాట నిలుపుకొనుట, అప్పు తీర్చుట, తప్పు చేసినపుడు దిద్దుకొనుట. ఇవి ఒక సాయంకాలపు సభలో కనబడునవి కావు. కావున మాటకు చెవినిత్తము, మనసు నిత్తము. పైకము మాత్రము రసీదు పుచ్చుకొని ఇత్తము. లెక్కల పుస్తకము ఇద్దరిని కాపాడును. మోసగానినుండి మనలను, మన యనుమానమునుండి మంచివానిని.

మేము దూరము చేసికొన్న ఆ యువకుని కొన్ని యేండ్లకు వేరొక నగరమున కలిసికొంటిని. అక్కడి సంఘమునకు అతడే కోశాధికారి. నన్ను గుర్తుపట్టి, అదే నవ్వుతో కాఫీ యిప్పించెను. నేను క్షమాపణ చెప్పబోగా మాట మార్చి, మా పిల్లల క్షేమమడిగెను. ఆ సంవత్సరపు జమాఖర్చుల పట్టిక అతని బల్లమీద నుండెను. అణా పైసలతో సరిపోయినదని అక్కడివారు నాతో చెప్పిరి.